ఆడపెళ్ళివారి మెషిన్

ఇప్పుడు ఏ పెళ్ళిలోనైనా విస్తట్లో నెయ్యి పడాలంటే ముందు వేలు చాపాల్సిందే. బంతి మొదట్లో పెట్టిన మెషిన్ ఒక చుక్క నెత్తురు తీసుకుని, అందులో కొవ్వెంతో చూసి, పచ్చదీపం వెలిగిస్తేనే వడ్డన. మా అమ్మాయి పెళ్ళిలో ఆ మెషిన్ వియ్యంకుడు హర్షిత్ గారికి ఎర్రదీపం వెలిగించింది.

"ఆడపెళ్ళివారి మెషిన్ కదా, నెయ్యి మిగులుస్తోంది!" అంటూ ఆయన సంచిలోంచి తమ ఇంటి మెషిన్ తీయించాడు. అది పచ్చదీపం వెలిగించింది. బంతిలో అందరి చేతులూ ఆగిపోయాయి.

"వడ్డించండి బావగారూ. లేదంటే మావాళ్ళంతా లేస్తారు."

నేతిగిన్నె పట్టుకుని నిలబడిపోయాను. పక్క విస్తరి ముందు వియ్యపురాలు లాస్య గారు తలెత్తడం లేదు. నాకు అనుమానమొచ్చింది.

"ఒక్క నిమిషం," అని నా వేలు వాళ్ళ మెషిన్‌లో పెట్టాను. రెండుసార్లు గుండె ఆపరేషన్ అయినవాణ్ణి. నాకు పచ్చదీపం వెలిగి ఏళ్ళయింది. ఆయనకూ తెలుసు, నిశ్చితార్థం నాడు నా పథ్యం చూసి నవ్విందీ ఆయనే.

పచ్చదీపం వెలిగింది.

ఆయన దీపాన్ని చూశాడు, నన్ను చూశాడు, తర్వాత భార్యను చూశాడు.

"ఎర్రదీపం వెలిగినప్పుడల్లా మీరు అన్నం మానేసి అలుగుతుంటే నేనేం చెయ్యనండీ?" అందావిడ. "ఎప్పుడూ పచ్చదీపమే వెలిగేలా నేనే చేయించాను."

మర్యాద తప్పకూడదని గిన్నె ఆయన విస్తరి దగ్గరికి తెచ్చాను.

ఒక్క చుక్కయినా పడకముందే ఆయన రెండు చేతులూ విస్తరికి అడ్డం పెట్టాడు.