ఆరో రోజు మూట

కోసి, కుట్టి, ఇంగ్లీషు చీటీ ఒకటి చేతిలో పెట్టి తరిమిన డాక్టర్లారా! "వారంలో రాకుంటే నీ చోటు ఇంకొకడిది" అన్న మేస్త్రీలారా! ఈ చావు మీదే.

హమాలీ ఉరుకుందుకు బీజాల దగ్గర నరాలు ఉబ్బాయి. పెళ్లయి నాలుగేళ్లయినా పిల్లల్లేరు. భార్య మౌనిక పోరితే ఆదోనిలో ఆపరేషన్ చేయించుకున్నాడు.

పత్తి యార్డులో మాత్రం "అపెండిక్సు" అని చెప్పాడు. నిజం చెబితే హమాలీలు ఊరుకుంటారా? బీజాలు ఉబ్బినోడని చచ్చేదాకా "బుడ్డోడా" అని పిలుస్తారు.

ఆపరేషనైన ఆరో రోజు మూట కోసం వంగాడు.

పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి ఆ మూటను లాగేసుకుంది. ఎమ్మిగనూరు నుంచి కొత్తగా వచ్చిన సుంకన్నది ఆ చెయ్యి.

"నా కూలి తినేకి వచ్చినావా అప్పా?"

"కూలి నీదే. బరువు నాకియ్యి."

మరుసటి రోజూ అంతే. తన మూటలూ, ఉరుకుందు మూటలూ ఆయనే మోశాడు. కాళ్లు ఎడంగా వేసుకుంటూ, పళ్లు బిగించి.

"ఏం సుంకన్నా, ఉరుకుందుకు నీ కూతుర్నిచ్చినావా ఏంది?" తోటి హమాలీ మాదన్న నవ్వాడు. యార్డంతా నవ్వింది.

ఆ మర్నాడు సుంకన్న గొంతు తగ్గించి అన్నాడు.

"నీది అపెండిక్సు నడక కాదప్పా. గోచీ బిగించి కట్టుకో. బరువెత్తొద్దు. బీజాల్లో నీళ్లు చేరితే ఆస్పత్రికే పో. ఆరెంపీ సూదితో తీస్తానంటే ఒప్పుకోవద్దు."

ఉరుకుందు అటూ ఇటూ చూశాడు. ఈయనకు తెలిసిపోయింది. రేపు యార్డంతా తెలుస్తుంది.

"మేస్త్రీ! ఈయప్ప మూటల్లో పత్తి పీకి దాసుకుంటాండాడు!" అని అరిచాడు ఉరుకుందు.

మేస్త్రీ నిజమా అని కూడా అడగలేదు. చొక్కా పట్టుకుని గేటు బయటికి నెట్టాడు.

సుంకన్న తిట్టలేదు. ఉరుకుందు వైపు తిరిగి, "ఎత్తొద్దు" అన్నాడు. అంతే.

ఉరుకుందు ఎత్తాడు.

మూడు వారాలకు వాపు మొదలైంది. నిమ్మకాయంత ఉన్నది బత్తాయంత అయింది. సాయంత్రం సూదికి రమ్మన్నాడు ఆరెంపీ.

ఆ మధ్యాహ్నమే కబురొచ్చింది. యార్డు వెనక రేకుల షెడ్డులో సుంకన్న జ్వరంతో పోయాడు. నా అన్నవాళ్లు లేరు. హమాలీలే స్నానం చేయించాలి.

మాదన్న పంచె విప్పి, మొహం తిప్పుకున్నాడు.

గజ్జల్లో కోత మచ్చ. అచ్చం ఉరుకుందుకు ఉన్నట్టే. దాని కింద కొబ్బరికాయంత వాపు, నల్లబడి, చీము పట్టిన సూది పోట్లతో.

దాన్ని గోచీలో కట్టుకుని మోశాడు ఉరుకుందు మూటలు.

ఉరుకుందు చెంబు కింద పెట్టాడు.

"నాకూ అదే కోత మాదన్నా. అపెండిక్సు కాదు. నన్ను ఆస్పత్రికి తోలుకపో."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

డాక్టర్లారా, బీజాల దగ్గర చేరే నీళ్లను తీసుకుపోయే సన్న నాళాలు తెగకుండా చూసి కొయ్యండి. ఎన్ని వారాలు బరువెత్తకూడదో తెలుగులో, నోటితో చెప్పి పంపండి. మేస్త్రీలారా, అన్ని వారాలూ కోత పడినవాడి చోటు వాడికే ఉంచండి. ఇంకో సుంకన్న వచ్చి మోస్తాడని చూడొద్దు.