వెనక్కి తిరిగిన పిల్ల

"అదిగో, మళ్ళీ తిరిగింది!" అన్నాడు ప్యో, పక్కనున్న హెడ్మాస్టరు చెవిలో.

కొరియాలో గున్‌సాన్ రేవు పక్క బడిలో, మూడో తరగతి పాఠం తల్లిదండ్రులు వచ్చి చూసే రోజది. గది వెనక గోడ పొడుగునా తల్లులు నిలబడ్డారు. వాళ్ళ చివర జిల్లా విద్యాశాఖ తనిఖీ అధికారి ప్యో. అతిథులకని బడివాళ్ళిచ్చిన పొట్టి చెప్పుల్లో మడమలు పట్టక అవస్థ పడుతున్నాడు. ఈ ఇంగ్లీషు పాఠం ఆయనకి నచ్చితే వచ్చే ఏడు జిల్లాలో ప్రతి బడిలోనూ ఇలాగే చెప్పిస్తారు. నచ్చకపోతే హేరిన్ టీచరు రెండేళ్ళు కష్టపడి చేసిన బొమ్మలూ పాటలూ అటకెక్కినట్టే.

"కొందరికి చూస్తే వస్తుంది సార్, కొందరికి వింటే వస్తుంది, కొందరికి చేత్తో చేస్తేగానీ రాదు. నా క్లాసులో ఒక్కరు కూడా వెనకబడరు," అని ముందే ధీమాగా చెప్పిందావిడ. ఆ ధీమా ఏపాటిదో తేల్చడానికే ఆయన వచ్చాడు. తన కన్నుగప్పి ఈగ కూడా పోలేదని ఆయనకి మహా గొప్ప.

తెర మీద బొమ్మ నడుస్తోంది. వంటవాడు గరిటె పట్టుకుని ఆక్టోపస్‌ని అడిగాడు.

"డూ యు లైక్ సూప్?"

"నో! ఐ లైక్ మై లెగ్స్!" అంటూ అది కాళ్ళన్నీ చుట్టబెట్టుకుంది.

పిల్లలు పగలబడి నవ్వారు. తల్లులూ నవ్వారు. అందరూ ఆపేశాక ఆకుపచ్చ స్వెట్టరు వేసుకున్నావిడ ఒక్కతే పకపకా నవ్వింది.

"ఆవిడకి ఇంగ్లీషు కాస్త నిదానంగా ఎక్కుతుంది కాబోలు," అని గొణిగాడు ప్యో.

మూడో వరసలో రెండు జడల పిల్ల మాత్రం కుర్చీలో మేకులున్నట్టు మెలికలు తిరిగిపోతోంది. ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి. చేతులు క్షణం ఊరుకోవు.

"చేత్తో నేర్చుకునే రకమేమో సార్," అన్నాడు మొన్ననే బదిలీ మీద వచ్చిన హెడ్మాస్టరు.

"చేతులాడిస్తే ఇంగ్లీషొచ్చేస్తే ట్రాఫిక్ పోలీసుకి అన్ని భాషలూ రావాలి కదండీ!"

టీచరు ఆ పిల్లని పల్లెత్తు మాట అనలేదు. పైగా అది వెనక్కి తిరిగినప్పుడల్లా బొమ్మ ఆపుతోంది, అది ముందుకి తిరిగాకే మళ్ళీ నడుపుతోంది. అల్లరిపిల్ల కోసం పాఠం ఆపడమా! ప్యోకి ఒళ్ళు మండిపోయింది.

గంట కాగానే ఆయన నేరుగా టీచరు దగ్గరికెళ్ళాడు. "ఒక్కరు కూడా వెనకబడరన్నారు. మరి ఆ జడల పిల్ల మాటేమిటి? ఇలాంటి పాఠం జిల్లా అంతా ఎలా పెట్టమంటారు?"

హేరిన్ తొణకలేదు. "దసొమ్ సంగతా సార్? మీరే అడిగి చూడండి."

"ఇలా రా పాపా. ఇవాళ పాఠంలో ఏం జరిగింది?"

దసొమ్ గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టింది. వంటవాడి గొంతు వేరు, ఆక్టోపస్ గొంతు వేరు. అంతా ఇంగ్లీషే. చివరి పాటతో సహా ఒక్క మాట పొల్లుపోలేదు. తోటి పిల్లలు చప్పట్లు కొట్టారు. హేరిన్‌కి గర్వంతో మొహం వెలిగిపోయింది. ప్యో వంగి దసొమ్ మొహంలోకి చూశాడు.

"ఇంత వచ్చినదానివి, మరి ఆ వెనక చూపులేంటి? ఎవరితో ఆటలు?"

"ఆటలు కాదండీ. మా అమ్మ వచ్చింది."

"వస్తే? పాఠం మానేసి అమ్మకి చేతులూపుతావా?"

"మానలేదండీ. అమ్మక్కూడా చెబుతున్నాను."

ప్యోకి నవ్వొచ్చింది. "బాగుంది! టీచరు అంత గట్టిగా చెబుతుంటే, మళ్ళీ నువ్వు చెప్పడం దేనికే?"

దసొమ్ వెళ్ళి ఆకుపచ్చ స్వెట్టరావిడ చెయ్యి పట్టుకుంది. తలెత్తి, గది అంతటికీ వినపడేలా చెప్పింది.

"మా అమ్మకి వినపడదండీ."