బయటికి తెరుచుకునే గేటు

గొడుగు పక్కన పెట్టి, ముసలాయన ఇనప గేటును రెండు చేతులతో లాగి చూస్తున్నాడు.

"ఎవరండీ మీరు? లోపలికెలా వచ్చేరు?" అంది కరుణ.

అమలాపురం శివార్లలో కడుతున్న ఫుట్‌బాల్ స్టేడియానికి ఆమె సైట్ ఇంజనీరు. రాజోలు అమ్మాయి. తొంభై ఎనిమిదిలో, గ్యాలరీ మెట్లు పూర్తయి పడమటి గోడకు అప్పుడే గేటు బిగించారు.

"కొత్తపేట నుంచొచ్చేనండి. నా పేరు త్రిమూర్తులు. ఈ గేటు లోపలికి తెరుచుకుంటోందేంటమ్మా?"

"బయటికి తెరిస్తే రోడ్డు మీదకొస్తుందండి."

"బయటికే తెరుచుకోవాలమ్మా."

అంతే. గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం బస్సుకు మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. మెట్ల దారిలో ముగ్గురు కూలీలను పక్కపక్కన నడిపించి చూశాడు. ఎటు తిరిగినా చివరికి గేటు దగ్గరే ఆగేవాడు. అదే మాట అనేవాడు.

కాంట్రాక్టరు బంగారరాజుకు విసుగెత్తింది.

"ఎప్పుడన్నా తాపీ పట్టేరా మీరు?"

"లేదండి."

"పోనీ, బంతాట ఆడేరా?"

"లేదండి."

"మరెందుకండీ మా ప్రాణం తోడేస్తారు?"

కూలీలు నవ్వారు. కరుణ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. ఆయన మాత్రం నొచ్చుకోలేదు.

"ఒక్కసారమ్మా. గేటు మూసి దాని దగ్గర మీరు నిలబడండి. వీళ్ళందర్నీ మెట్లు దిగి మీ వెనకే రమ్మనండి. అప్పుడు తెరవండి."

ఈ గోల ఇంతటితో వదులుతుందనుకుని కరుణ సరేనంది.

ముప్పై మంది కూలీలు నవ్వుకుంటూ దిగారు. ముందువాళ్ళు ఆగినా వెనకవాళ్ళు ఆగలేదు. కరుణ గేటును తన వైపుకు లాగింది. జానెడు కూడా రాలేదు. వీపు మీద బరువు పెరిగింది. చెంప ఇనప చువ్వలకు ఆనింది. అరుద్దామంటే ఊపిరి అందలేదు.

"ఆగండి, వెనక్కెళ్ళండి" అని అవతలి నుంచి ముసలాయన కేక వేశాడు.

జనం తగ్గాక కరుణ కింద కూలబడింది. ఆయన చువ్వల అవతల వంగి కూర్చున్నాడు.

"నవ్వుతా వచ్చినోళ్ళే ఇంతలా నొక్కేరు. భయపడి వస్తే ఎలా ఉంటాదమ్మా?"

ఆ వారమే కరుణ డ్రాయింగు మార్చింది. గేటు తెరిచినా రోడ్డు మీదకు రాకుండా, అక్కడ గోడను రెండు గజాలు లోపలికి జరిపింది. బంగారరాజు మొహం మాడ్చుకున్నా, పై అధికారి సంతకం తెచ్చి మరీ పని చేయించింది. నాలుగు వైపుల గేట్లూ బయటికి తిరిగాయి.

చూడ్డానికి ఆయన వస్తాడనుకుంది. రాలేదు. పని ఒత్తిడిలో పడి తనూ వాకబు చేయలేదు.

రెండేళ్ళకు స్టేడియంలో మొదటి పెద్ద పోటీ జరిగింది. ఎండకని గ్యాలరీ మీద వేసిన కొబ్బరాకు పందిరికి కరెంటు తీగ నుంచి నిప్పురవ్వ అంటుకుంది. మూడు వేల మంది ఒక్కసారిగా పడమటి గేటు మీద పడ్డారు.

కరుణ మైదానం అవతల ఉంది.

కాపలాదారు గడియ లాగాడు. గేటు జనంతో పాటే బయటికి తెరుచుకుంది.

కాసేపటికి గ్యాలరీలో చెప్పులు తప్ప ఏమీ మిగల్లేదు. మోచేతులు గీరుకున్నవాళ్ళున్నారు గానీ, ఒక్క ప్రాణం కూడా పోలేదు.

మర్నాడే ఆమె కొత్తపేట వెళ్ళింది. నలుగురినీ అడిగి ఇల్లు పట్టుకుంది. త్రిమూర్తులు గారి భార్య వీరలక్ష్మి ఎదురొచ్చింది.

"ఆయన పోయేరమ్మా. ఏడాది దాటింది."

కరుణ అరుగు మీద కూర్చుంది. తర్వాత జరిగిందంతా చెప్పింది. వీరలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది.

"మీ స్టేడియం కడతన్నారని పేపర్లో చూసిన కాణ్ణుంచీ ఆయనకి అన్నం సయించలేదమ్మా. ఎప్పుడో, మేం ఉత్తరాదిలో ఉన్నప్పుడు, అక్కడి స్టేడియంలో తొక్కిసలాట జరిగింది. గేటు లోపలికి తెరుచుకునేదంట. దాని దగ్గరే నలభై మంది పోయేరు."

"అందులో మీవాళ్ళెవరన్నా ఉన్నారాండీ?" కరుణ మెల్లగా అడిగింది.

"మావాళ్ళెవరూ లేరమ్మా" అంది వీరలక్ష్మి. "ఆ గేటు గీసిన ఇంజనీరు ఆయనే."