నెమలి బిళ్ళ

“నాన్నా, అమ్మ వేలిముద్ర దొరికింది.”

గడియారాల మేస్త్రీ ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు. కూతురు రిజిస్ట్రేషన్ ఆఫీసులో పాత దస్తావేజులు సర్దే పనిలో ఉంది.

“ఏ ముద్ర?”

“మనిల్లు కొన్నప్పటి కాగితాల్లోది. ఇద్దరి పేరా రాయించారుగా. అమ్మ బొటనవేలు, గీతలతో సహా కనిపిస్తోంది. ఆదివారం నకలు తెస్తా. నెమలి బిళ్ళ బయటపెట్టి ఉంచు, పక్కపక్కన పెట్టి చూద్దాం.”

“ఎందుకిప్పుడవన్నీ?”

“ఎందుకేంటి! భయపడకు, ముట్టుకోను. అంచులే పట్టుకుంటా. గ్లాసు పట్టుకోవడం కంటే ముందు నాకు అదేగా నేర్పావు.”

ఆమె నవ్వుతూనే ఫోను పెట్టేసింది. మేస్త్రీ బల్ల ముందు చాలాసేపు ఉత్తినే కూర్చున్నాడు.

అతనికి పాత వెండి నాణేల పిచ్చి. మెరిసేవి అక్కర్లేదు. ఏళ్ళ తరబడి కాగితం పొట్లంలోనో చెక్క సొరుగులోనో పడి ఉండి, తమంతట తాము రంగు తిరిగినవి కావాలి. అంచున నీలం, లోపలికి ఊదా, నడిమికి వచ్చేసరికి తేనెరంగు. ఆ రంగు గాలీ కాలమూ కలిసి వెయ్యాల్సిందే. తుడిస్తే క్షణంలో పోతుంది. అందుకే వాటికి ఒట్టి వేలు తగలనిచ్చేవాడు కాదు. వేలి చెమట తగిలిన రోజున ఏమీ కనిపించదు. నెలలు గడిచాక గీతగీతా నల్లగా పైకి తేలుతుంది.

భార్య ఆ సొరుగు ఛాయలకే వచ్చేది కాదు. గుమ్మంలోంచే, “నా సవతులంతా కులాసాయేనా?” అనేది. కొత్త నాణెం వచ్చిందంటే, “ఇంకొకత్తి దిగిందన్నమాట. నన్నెప్పుడైనా అలా భూతద్దం పెట్టి చూశావా?” అని వంటింట్లోకి పోయేది.

ఆమె జ్వరంతో పోయింది. ఎనిమిది నెలల తరువాత సొరుగు తెరిస్తే, ఉన్నవాటిలోకెల్లా మంచి నాణెం మీద, తేనెరంగు నడుమ, ఒక బొటనవేలి ముద్ర లేచి ఉంది. ఆ రోజుల్లో తానేం తిన్నాడో ఎప్పుడు పడుకున్నాడో అతనికే తెలియదు. ఏ ధ్యాసలోనో ఒట్టి చేత్తో పట్టుకుని ఉంటాడు. సిగ్గేసింది. మూసెయ్యబోతుంటే పక్కన కూతురు నిలబడి ఉంది. ఏడేళ్ళది. తల్లి పోయిన దగ్గరినుంచి కడుపునిండా తిన్న పూట లేదు.

“ఆ వేలు ఎవరిది నాన్నా?”

“అమ్మది,” అన్నాడు. ఎందుకన్నాడో తెలియదు.

ఆ పూట పిల్ల మారు అడిగి అన్నం పెట్టించుకుంది.

దానికి నెమలి బిళ్ళ అని పేరు పెట్టిందీ ఆ పిల్లే. బడి నుంచి రాగానే సొరుగు తెరిచి, బిళ్ళతో కబుర్లు చెప్పేది. మధ్యమధ్యలో ఆగేది, అవతలి మాట వింటున్నట్టు. తరువాత “ఊఁ” అనేది. పక్క గదిలో గడియారం విప్పుకుంటున్న మేస్త్రీకి వెన్ను చల్లబడేది. ఏటికేడు ముద్ర ముదిరింది. కిటికీ అద్దానికి ఎవరో బయటినుంచి వేలు ఆనించి, తియ్యడం మరిచిపోయినట్టు ఉండేది. దాన్ని అతను ఎప్పుడూ తేరిపార చూడలేదు.

ఇప్పుడు సిరా ముద్ర పక్కన పెడితే ఒక్క చూపులో తేలిపోతుంది. పరువు పోతే పోనీ, దానికేం లేదు. ఆ పిల్లకి తల్లి రెండోసారి పోతుంది.

శనివారం పొద్దున్నే తలుపు గడియ వేసుకుని, వెండి కడిగే మందు గిన్నెలో పోశాడు. నాణెం జారవిడిచాడు. గుప్పుమని కుళ్ళు వాసన. పది అంకెలు లెక్కపెట్టేలోగా నీలం పోయింది, ఊదా పోయింది. ముద్ర మాత్రం పోలేదు. మళ్ళీ ముంచాడు. చివరికి పళ్ళపొడి పెట్టి, ఇంకెవరైనా చేస్తే వాళ్ళ చెయ్యి విరిచేసేవాడే, అలా రుద్దాడు. నాణెం తెల్లగా, ఎవరిదీ కానట్టు మిగిలింది.

ఆదివారం కూతురు వచ్చింది.

“చెయ్యి జారి మందులో పడింది తల్లీ.”

ఆమె అంచులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

“నీ చెయ్యా? జారిందా? చీమ తలంత మరని కూడా కింద పడనివ్వవు కదా నువ్వు!”

ఆమె నాణెం బల్ల మీద పెట్టింది. తరువాత మెల్లగా అంది: “ఒక మాట చెప్పనా? పదేళ్ళు వచ్చేసరికే నాకు అనుమానం. అమ్మ వీటి దగ్గరికే రాదుగా. నన్ను ఊరుకోబెట్టడానికి చెప్పావనుకున్నా. నీ మనసు కష్టపెట్టడం ఎందుకని నమ్మినట్టే ఉన్నా.”

మేస్త్రీ కుర్చీలో వెనక్కి వాలాడు. ఇన్నేళ్ళ బరువు ఒక్కసారిగా దిగింది. నవ్వు కూడా వచ్చింది.

“పిచ్చిదానా, ముందే చెప్పకూడదూ! అది నా వేలేనే. నువ్వు పోల్చి చూస్తే దొరికిపోతానని నేనే కడిగేశాను.”

కూతురు నవ్వలేదు.

“నువ్వే కడిగావా?”

“నీ కోసమే తల్లీ.”

ఆమె సంచిలోంచి కాగితం తీసింది. “నీకు ఫోను చేశాక, ఒకవేళ నిజంగా అమ్మదేనేమోనని ఆగలేకపోయా నాన్నా. బిళ్ళ ఫొటో నా ఫోన్లో ఉందిగా. మా ఆఫీసులో వేలిముద్రలు చూసే పెద్దాయనకి ఇచ్చా. నీకు చూపిద్దామనే పరిగెత్తుకొచ్చా.”

కాగితం మీద ఎడమపక్క నాణెం ముద్ర, కుడిపక్క ఆమె తల్లి సిరా ముద్ర పెద్దవిగా అచ్చువేసి ఉన్నాయి. కింద పెద్దాయన ఎర్రసిరాతో రాసిన ఒక్క ముక్కను మేస్త్రీ భూతద్దం పెట్టి చదివాడు.

రెండూ ఒకరివే.