డ్రైవరు పక్క కిటికీ

"దీన్ని కొత్త ప్లాస్టిక్ అంటారా? నా పెళ్ళినాటి షీటేదో దాచి ఉంచి తెచ్చి బిగించినట్టుంది" అంది పెద్దమ్మ, జీపులో స్టీరింగు ముందు కూర్చుని.

జీపులకు గుడ్డ టాపులు కుట్టే మేస్త్రి కుట్టుమిషను ఆపి తలెత్తాడు. ఏదో అనబోయి, ఆవిడ మొహం చూసి, ఒళ్ళో ఉన్న షీటుకు మళ్ళీ అంచు కుట్టడంలో పడ్డాడు.

చుట్టుపక్కల అందరికీ ఆవిడ నర్సరీ పెద్దమ్మ. మొగుడు పోతూ ఆవిడకు మిగిల్చినవి రెండే. ఒకటి మొక్కల తోట, రెండోది గుడ్డ టాపు జీపు. కుండీలన్నీ వెనక సర్దుకుని, ఇంటింటికీ తనే నడుపుకుంటూ వెళ్ళేది. దారిలో అడ్డొచ్చినవాళ్ళకు హారనుకన్నా ముందు ఆవిడ నోరే వినిపించేది.

పోయిన వారం రివర్సు చేస్తూ తోట గేటు స్తంభాన్ని గుద్దేసింది. స్తంభానికి జానెడు దూరంలో మనవడు నిలబడి ఉన్నాడు. కొడుకు మారుమాట లేకుండా తాళంచెవి లాగేసుకున్నాడు.

తప్పు తనదైతే కదా! ఆ స్తంభాన్ని అక్కడ కట్టినవాడికి బుద్ధి లేదు. పిల్లాణ్ణి వీధిలోకి వదిలిన కోడలికి అసలే లేదు. అన్నిటికీ మించి ఆ ప్లాస్టిక్ కిటికీలు! ఎండకు పండి పచ్చబడి, మడతల దగ్గర చిట్లి, గీతలు పడిపోయాయి. వాటిలోంచి చూస్తే ఏనుగు ఎదురొచ్చినా కంటికి ఆనదని వాదించింది. ఆ మాట నిజమే కాబట్టి కొడుకూ కాదనలేకపోయాడు. సరే, కొత్తవి వేయిద్దాం, నువ్వే కూర్చుని చూడు, బాగా కనపడితే తాళం నీ చేతికే ఇస్తానన్నాడు.

ఇవ్వకపోతే ఆవిడ బతుకు ఏమవుతుందో ఆవిడకు తెలుసు. తోట పెత్తనం కోడలికి పోతుంది. తను సోఫాలో ఒక మూల కూర్చుని, ఆ మహాతల్లి కడిగిన గాజుగ్లాసుల్లో మంచినీళ్ళు తాగాలి. ఎప్పుడు చూసినా ఆ గ్లాసులకు జిడ్డే.

అందుకే మేస్త్రి రమ్మన్న వేళకన్నా ముందే వచ్చి కూర్చుంది. షాపు చూడగానే ఆవిడకు పెదవి విరుపే వచ్చింది. బోర్డు మీద అక్షరాలు అలికేసినట్టున్నాయి. తన పేరే తిన్నగా రాయించుకోలేనివాడు ఇక కిటికీలేం కుడతాడు? లోపల వేలాడుతున్న బల్బు చూస్తే, కరెంటు కూడా వీడు అరువు తెచ్చుకున్నట్టుంది.

"పొద్దున పాతవన్నీ కోసి పారేశావు కదా. వాటికీ వీటికీ తేడా ఏమిటయ్యా? ఆ పచ్చదనం పోయి పొగ వచ్చిందంతే" అంది.

"అది కాదు పెద్దమ్మగారూ, ఆ కిటికీకి జిప్పు..."

"జిప్పు సంగతి నేనడిగానా? ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే. షీటు మసకగా ఉందంటే జిప్పంటావు. జిప్పు బాగుందంటే దారమంటావు."

మేస్త్రి మళ్ళీ మిషను తొక్కసాగాడు. ఆవిడ ముందు నోరు మూసుకున్నవాళ్ళలో అతను మొదటివాడేం కాదు.

అంతలో కొడుకు వచ్చాడు. మేస్త్రి మిషను వదిలి లేచి, అతణ్ణి గుమ్మం దగ్గరే ఆపి చెవిలో ఏదో చెప్పాడు. పెద్దమ్మ నవ్వుకుంది. దొరికిపోయిన దొంగ కాళ్ళబేరానికి దిగాడు. కానీ, చూద్దాం.

కొడుకు నెమ్మదిగా వచ్చి డ్రైవరు పక్క కిటికీ దగ్గర వంగాడు.

"ఇందులోంచి ఏం కనపడుతోందమ్మా?"

"ఏముంది, నువ్వే. పొగలో నిలబెట్టిన దిష్టిబొమ్మలా ఉన్నావు. నీ వెనక గోడ మీద ఏదో బొమ్మ ఉంది, అది పిల్లో కుక్కో ఆ గీసినవాడికే తెలియాలి."

"మరి వెనక కిటికీలు?"

"అన్నీ ఒకే తానులో గుడ్డలు. ఒకటి బాగుండి ఒకటి చెడితే వాడి నిజాయితీకి మచ్చ రాదూ?"

కొడుకు జేబులోంచి తాళంచెవి పైకి తీసినవాడల్లా దాన్ని పిడికిట్లో బిగించాడు. అది చూసి పెద్దమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకు వీడికీ తెలిసొచ్చింది, లోకమంతా ఎలాంటి పనిదొంగలతో నిండిపోయిందో!

"ఇంటికి పోదాం రా అమ్మా" అన్నాడు కొడుకు. గొంతు చాలా మెత్తగా ఉంది.

"ఎందుకు పోవడం? వాణ్ణి పిలువు. నా ఎదురుగా మార్చి బిగించాక అప్పుడు కదులుతాను. పైన దుమ్మని బుకాయిస్తాడేమో, ఇది దుమ్ము కాదురా, షీటులోనే ఉన్న మసక. గోటితో గీకినా పోదు, కావాలంటే చూడు" అంటూ ఆవిడ కసిగా వేలు చాచింది.

ఇంకా ప్లాస్టిక్కే బిగించని ఆ కిటికీలోంచి వేలు నేరుగా బయటికి వెళ్ళి కొడుకు చెంపకు తగిలింది.