రెండో మలుపు కాడ

బైకుల పందెం ఇంకో గంటలో మొదలవుతుందనగా, అందులో బండి నడపబోయే సాయిచంద్ పరుగున వచ్చి నీళ్ల ట్యాంకర్‌కు అడ్డంగా నిలబడ్డాడు.

"జర ఆపు కాకా. మట్టి ట్రాక్ మీద ఇన్ని నీళ్లు కొడితే అంత బురదైతది. బురదల నడపాలంటే వేరే టైర్లు గావాలె. క్లచ్ ప్లేట్లు కాలిపోతయ్. పోయినసారి మరమ్మతుకే రెండు నెలల జీతం పోయింది."

డ్రైవర్ పరశురాములు ఇంజన్ ఆపాడు గానీ కిందికి దిగలేదు.

"నిరుడు బెల్లంపల్లి పందెంల నీళ్లు కొట్టలే బిడ్డా. దుమ్ము లేసి ముందటి బండి కనవడలే. ఒక పిలగాడు మలుపు కాడ జారి పడ్డడు. ఎనకొచ్చినోని బండి ఆని మీదికెల్లి పోయింది. దవాఖానకు తీస్కపోకముందే పాణం పోయింది."

ఆ సంగతి సాయిచంద్ కూడా విన్నాడు. అతని గొంతు తగ్గింది.

"పడ్డది నీ కొడుకా కాకా?"

"కాదు. ఎనకొచ్చినోడు నా కొడుకు."

పరశురాములు స్టీరింగ్ మీద చేయి పెట్టి చెప్పుకుంటూ పోయాడు.

"ఎవ్వలు ఆన్ని తప్పు పట్టలే. సచ్చిపోయిన పిలగాని అవ్వ గుడ ఒక్క మాట అనలే. అయినా మావోడు ఇల్లు దాటి బయటికి వస్తలేడు. 'నాకు కనవడలే బాపూ' అని రోజు అంటడు. నాకెరికే బిడ్డా అని నేనంట. ఇనడు. అప్పటిసంది యాడ పందెమున్నా ట్యాంకర్ నేనే తెస్తున్న."

సాయిచంద్ పక్కకు జరిగి దారి ఇచ్చాడు. బండి కదలబోతుంటే మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"కాకా, రెండో మలుపు కాడ ఇంకా దుమ్మున్నది. ఆడ ఇంకోసారి కొట్టు."