నడిచి వెళ్లిన పాక

“అందరూ ఒక్కసారే ఎత్తాలి. కుదుపు తగిలిందంటే కప్పు నడుం విరిగిపోద్ది. ఊపిరి బిగబట్టండ్రా!” అని మోతగాళ్ల పెద్ద ఇమ్మానియేలు కేకేశాడు.

కొందరు పాక లోపల, కొందరు బయట వాసాల కింద భుజాలు ఆనించారు. తాటాకు కప్పు కిర్రుమంటూ గుంజల మీంచి లేచింది. లోపలున్నవాళ్లవి కాళ్లు తప్ప ఏమీ కనిపించడం లేదు. పాకకే కాళ్లు మొలిచినట్టుంది. దొడ్డి నిండా చేరిన జనం నోళ్లు వెళ్లబెట్టారు.

వెంకటేశ్వరమ్మ మాత్రం పైకి చూడలేదు. కప్పు పోయాక మిగిలిన నేలను చూస్తోంది. పేడతో అలికి అలికి నున్నబడ్డ చిన్న చదరం అది. నులక మంచం వేస్తే మనిషి అటూ ఇటూ తిరగడానికి చోటుండదు.

“ఇంత చోట్లోనా ఇన్నేళ్లు బతికావు?” అంది.

“చాలిందమ్మా,” అంది చాంద్‌బీ కళ్లొత్తుకుంటూ.

“అదేనే నాకు ఆశ్చర్యం.”

చాంద్‌బీ మొగుడు బుడాన్ ఊరందరికీ దూదేకి పెట్టేవాడు. అతను పోయాక ఆమె బొంతలు కుట్టుకుంటూ ఆ పాకలోనే ఉండిపోయింది. పోయిన వానాకాలం కూతురు షాజాదీ కూడా మొగుణ్ణి పోగొట్టుకుని, పిల్లల్ని వెంటేసుకుని వచ్చి చేరింది. అప్పట్నుంచి రాత్రిళ్లు కొందరు పడుకుంటే కొందరు కూర్చునేవాళ్లు. అయినా ఆ పాకలోంచి ఒక్క విసుగు మాట ఊళ్లో ఎవరూ వినలేదు.

పాక ఉన్నది వెంకటేశ్వరమ్మ దొడ్లో. ఆమెది పిడుగురాళ్ల సున్నంతో కట్టిన పెద్ద లోగిలి. భర్త పోయాడు, పిల్లల్లేరు, నోరు మాత్రం ఊరంత ఉంది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు, మాఘమాసంలో, పాకను దొడ్లోంచి తీసి ఊరి బయట తన మిరప కళ్లం పక్కన పెట్టమని హుకుం జారీ చేసింది. అక్కడ కొత్త గుంజలు కూడా ముందే పాతించింది.

వరసకు మరిదైన చెంచురామయ్య ఉండబట్టలేక అడిగాడు.

“ఏంటి వదినా ఈ పని? అంత లోగిలి నీ ఒక్కదానికీ ఉంది. ఈ గుప్పెడు పాక నీకు అడ్డమొచ్చిందా?”

“వచ్చింది. అదీ ఇదీ పక్కపక్కన కనపడతంటే నాకు నిద్ర పట్టట్లేదు.”

“ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, నీకు నిద్ర పట్టకపోతే వీళ్ల మీద పడతావా?”

“నిన్నేమన్నా మొయ్యమన్నానా? దారిలోంచి తప్పుకో.”

మిరపకాయలకి కాపలా కూడా కలిసొస్తుందని ముసలమ్మ ఎత్తు వేసిందని జనం గుసగుసలాడుకున్నారు. చాంద్‌బీ ఆవిడ వెంటపడింది.

“అమ్మగారూ, నా మాటినండి. నలుగురూ ఏమనుకుంటారు?”

“అనుకోనీ.”

“పోనీ దొడ్లోనే ఉండనివ్వండమ్మా. చేలో పాములు తిరుగుతాయి.”

“ఎదురెదురుగా ఉంటే కుదరదు. నీకూ ఇబ్బందే, నాకూ ఇబ్బందే.”

లోగిలి అరుగు మీద షాజాదీ చాపచుట్టలూ, కుండలూ, బుడాన్ దూదేకిన విల్లూ సర్దుకుంటోంది. పిల్లలు బిక్కమొహాలేసుకుని కూర్చున్నారు. ఆమె మూట నెత్తికెత్తుకోబోతే వెంకటేశ్వరమ్మ కసిరింది.

“సామాన్లు అక్కడే ఉండనీ. ముందు పాక చేరనీ.”

చూసేవాళ్లకు కడుపు మండింది. ఆవిడ అవేమీ పట్టించుకోకుండా నిండు నీళ్ల బిందె చంకనెత్తుకుని అందరికంటే ముందు నడిచింది. కొత్త చోటికి ముందు నీళ్లు వెళ్లాలి కదా, ఆ మాత్రం మర్యాదైనా మిగిలిందనుకున్నారు.

పత్తిచేలకీ మిరపచేలకీ మధ్య డొంకలో పాక నడిచింది. ఎండకి నెర్రెలు విచ్చిన నల్లరేగడిలో కాలు మడత పడకుండా ఇమ్మానియేలు అడుగడుగుకీ కేక అందిస్తున్నాడు. ఎదురొచ్చిన బండివాడు ఎడ్లని పక్కకి తోలి, దిగి నిలబడ్డాడు. మిరపకాయలు కోస్తున్న ఆడవాళ్లు ఒడినిండా కాయలతో లేచి అలాగే చూస్తుండిపోయారు. కొన్ని ప్రాణాలు ఇన్నేళ్లు తలదాచుకున్న ఇల్లు మనుషుల భుజాల మీద పోతుంటే చేలల్లో పని ఆగిపోయింది. కోపంగా వెంటొచ్చిన చెంచురామయ్య కూడా తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎందుకు తీశాడో ఆయనకే తెలీదు.

ఒక్క ఆకు రాలకుండా కప్పు కొత్త గుంజల మీద కూర్చుంది. కట్లు బిగించి, చుట్టూ తడికలు కట్టేశారు.

వెంకటేశ్వరమ్మ బిందె దించి, గుమ్మం దగ్గర నీళ్లు చల్లింది. తర్వాత చాంద్‌బీని లోపలికి పిలిచి ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది.

“పొయ్యి ఏ మూల పెట్టాలి?”

“గాలి తగలని ఆ మూలనమ్మా.”

“వాన జల్లు?”

“తూర్పు నుంచి కొడుతుంది. ఆ తడికకి గోనెపట్టా కట్టాలి.”

“మరి బట్టలు?”

“చూర్లో దోపుకోవడమే.”

వెంకటేశ్వరమ్మ మధ్యలో నిలబడి రెండు చేతులూ చాపింది. రెండు వైపులా తడికలు తగిలాయి.

“కూర్చున్న చోట అన్నీ అందుతాయే!” అంది చిన్నపిల్లలా. ఆవిడ గొంతు అంత మెత్తగా ఉండటం అదే మొదటిసారి.

ఇద్దరూ బయటికొచ్చారు. చాంద్‌బీ ఏడుపు ఆపుకోలేకపోతోంది.

“పొద్దు వాలుతోంది వదినా. ఆ పిల్లల సంగతేంటి?” అన్నాడు చెంచురామయ్య.

“అదే చెప్తున్నా. ఆకలితో ఉంటారు, బయల్దేరవే చాంద్‌బీ.”

లోగిలి తాళాల గుత్తి చాంద్‌బీ చేతిలో పెట్టి, వెంకటేశ్వరమ్మ తల వంచి పాకలోకి వెళ్లిపోయింది.